రంగు తక్కువ



పిల్లను చూసొచ్చినవాళ్లు ఇంటికొచ్చి చెప్పే మాట మీరు వినే ఉంటారు. "పిల్ల మంచిగుంది. సదువుకున్నది. మాట మర్యాద తెలిసిన పిల్ల. గని, జర రంగు తక్కువ." ఆ చివరి ముక్క దగ్గర నాకెప్పుడూ లెక్క తప్పినట్టు అనిపిస్తుంది. తెల్లటి గోడకు రంగు వేస్తే ఒక పూతకు లేతగా ఉంటుంది, మూడు పూతలకు చిక్కబడుతుంది. ఆ లెక్కన నల్లటి పిల్లకు రంగు ఎక్కువ ఉండాలి గదా! కానీ మన మాటల్లో రంగంటే తెలుపే. తెలుపు లేకపోతే అసలు రంగే లేనట్టు. 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటే మళ్లీ అది ఎరుపు కాదు, అదీ తెలుపే. ఇక పెండ్లి ప్రకటనలో చామనచాయ అని రాయించారంటే, ఫోటో పంపేముందు చేసే నచ్చజెప్పుడు అన్నమాట.

రంగు అనే ఆ మాటనే ఇంకోచోట కూడా వాడతాం. 'ఆయన ముఖానికి రంగేసుకొని నలభై ఏండ్లయింది' అంటే ఆయన నటుడని అర్థం. ఒంటి రంగు పుట్టుకతో వచ్చేది, ముఖం రంగు వేషంతో వచ్చేది. ఈ రెండు రంగులకూ మధ్య ఒక పాత తగువు నడుస్తున్నది. దాని గురించి ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను. నేను హనుమకొండలో ముప్పై ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన పంతులమ్మను, సినిమా పండితురాలిని కాను. ఈ తగువులో నా తప్పు కూడా ఒకటుంది. మధ్యలో చెప్తాను.

ముందు సముద్రం సంగతి. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ఒక మత్స్యకన్య కథ అచ్చు వేయించాడు. దాన్ని డిస్నీ సంస్థ 1989లో 'ది లిటిల్ మెర్‌మెయిడ్' అనే బొమ్మల సినిమాగా తీసింది. అందులో ఏరియల్ అనే పిల్లకు పాలవంటి ఒళ్లు, ఎర్రటి జుట్టు, ఆకుపచ్చ తోక. 2023లో అదే కథను మనుషులతో మళ్లీ తీశారు. ఏరియల్‌ వేషం హాలీ బెయిలీ అనే నల్లజాతి గాయనికి ఇచ్చారు. 2019లో ఆమె పేరు బయటికొచ్చిన నాడు మొదలైన రగడ సినిమా విడుదలయ్యేదాకా చల్లారలేదు. 'అసలు బొమ్మలో అట్లా లేదు' అన్నది కోపగించుకున్నవాళ్ల వాదన. నడుము కింద చేప అయిన పిల్లకు నడుము పైన ఒంటి రంగు ఎట్లా ఉండాలో మాత్రం అందరికీ ఖాయంగా తెలుసు, చూడండి!

ఆ అసలు బొమ్మ ఎట్లా తయారైందో కొంచెం చూద్దాం. ఆండర్సన్ తన కథలో ఆ పిల్లకు నీలి కళ్లు, గులాబీ రేకు లాంటి ఒళ్లు ఇచ్చిన మాట నిజమే. ఎర్ర జుట్టు మాత్రం ఆయన ఇచ్చింది కాదు. 1984లో 'స్ప్లాష్' అనే సినిమాలో బంగారు రంగు జుట్టున్న మత్స్యకన్య ఒకామె వచ్చి వెళ్లింది. ఆమెలా కనబడొద్దని, ఆకుపచ్చ తోక మీద ఎత్తి చూపే రంగు కావాలని బొమ్మలు వేసేవాళ్లు ఎరుపును ఎంచుకున్నారు. రంగుల డబ్బాలోంచి అవసరం కొద్దీ తీసిన రంగు అది. ముప్పై ఏండ్లు తిరిగేసరికి అదే శాస్త్రమై కూర్చుంది.

ఇంకో ముచ్చట. ఆ 1989 సినిమాలోనే సెబాస్టియన్ అనే ఎండ్రకాయ ఉంటుంది. సముద్రరాజు కొలువులో పాటల పెద్ద. అది మాట్లాడేది కరీబియన్ దీవుల నల్లవాళ్ల యాస. దానికి గొంతు ఇచ్చింది శామ్యూల్ రైట్ అనే నల్లజాతి నటుడు. ఆ ఎండ్రకాయ పాడిన పాటకు ఆస్కార్ వచ్చింది. అప్పుడు జనం హాయిగా నవ్వుకున్నారు, పిల్లలు ఆ పాటకు గెంతులేశారు. నవ్వించే కొలువువాడికి ఆ యాస పనికొచ్చింది, రాకుమారికి ఆ ఒళ్లు పనికిరాకపోయింది. ఈ ఎండ్రకాయను కాసేపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మన ఊళ్లోకి పాకుకుంటూ వస్తుంది.

డిస్నీవాళ్లు తమ బొమ్మల సినిమాల్లో మొదటి నల్లజాతి రాకుమారిని తెచ్చింది 2009లో. పేరు టియానా. పాపం, ఆ పిల్ల సినిమాలో ఎక్కువ సేపు కప్పగానే ఉంటుంది.

స్నో వైట్ విషయంలో నేను కొంచెం తటపటాయిస్తాను. 1937 నాటి ఆ బొమ్మల సినిమాలో పిల్ల పేరులోనే మంచు తెలుపు ఉంది. 2025లో మనుషులతో తీసినప్పుడు, తల్లి వైపు కొలంబియా మూలాలున్న రేచెల్ జెగ్లర్‌ను తీసుకున్నారు. పేరుకు కొత్త కారణం చెప్పారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు మంచు తుఫానును తట్టుకుని బతికింది గనుక ఆ పేరట. పేరు ఉంచి అర్థం మార్చడం అతుకు వేసినట్టే కనబడుతుందని కొందరన్నారు. ఆ మాటలో కొంత పస ఉంది, కాదనను. అయితే అతుకు ఎందుకు వేయాల్సి వచ్చిందని కూడా అడగాలి గదా. అందమంటే తెలుపని మొదటి పేజీలోనే రాసిపెట్టిన కథను నల్లటి పిల్లలు కూడా చదువుతూ వచ్చారు మరి.

"మనకెందుకమ్మా అమెరికా వాళ్ల తగువు" అని మీరనొచ్చు. కానీ ఆ సినిమాలు మన ఇండ్లలోకి తెలుగులోనే వస్తున్నాయి. 2019లో వచ్చిన 'అల్లాదీన్'లో అల్లాదీన్ గొంతు వరుణ్ తేజ్‌ది, దీపంలో భూతం గొంతు వెంకటేష్‌ది. అదే ఏడు 'లయన్ కింగ్'లో సింబాకు నాని, 'ఫ్రోజెన్' రెండో భాగంలో ఎల్సాకు నిత్యా మీనన్ గొంతులిచ్చారు. మన హనుమకొండ చౌరస్తాలో పిల్లల బట్టల దుకాణాల ముందు ఎల్సా నీలి గౌన్లు వేలాడుతుంటాయి. మా మనవరాలు పుట్టినరోజుకు అదే కావాలని ఏడ్చి కొనిపించుకుంది. వేసుకొని అద్దం ముందు నిలబడి, "అమ్మమ్మా, ఎల్సా లెక్క లేను గదా" అన్నది. గౌను సరిగ్గానే ఉంది. పిల్ల చూసుకుంటున్నది చేతులను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

ఇరవై ఏండ్ల పైమాట. బడి వార్షికోత్సవానికి రుద్రమదేవి నాటిక వేయించే పని నా మీద పడింది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. గొంతు విప్పితే వరండా చివరి గది దాకా వినిపించేది. తండ్రి రాళ్లు కొట్టే పనివాడు. నాటిక కాగితాలు పంచిన మూడో రోజుకే తన మాటలే కాదు, అందరి మాటలూ ఆ పిల్లకు కంఠతా వచ్చేశాయి. నేను రుద్రమ వేషం ఆమెకివ్వలేదు. ఎర్రగా ఉన్న ఇంకో పిల్లకిచ్చాను. ఎందుకిచ్చావని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. అడిగి ఉంటే, 'రాణిలా ఉంది గదా' అని ఉండేదాన్ని. మొదటి పిల్లను తెర పక్కన నిలబెట్టాను, ఎవరైనా మరిచిపోతే మాట అందించడానికి.

సభ నిండా జనం. సరిగ్గా దండయాత్ర ఘట్టంలో మా రాణి మాట మరిచిపోయింది. తెర పక్క నుంచి గొంతు వచ్చింది. మొదట గుసగుసగా, తర్వాత గుసగుస ఏమీ కాదు. రాణి పెదవులు కదిపింది, ఈ పిల్ల పలికింది. చప్పట్లు రాణికి కొట్టారు. ముఖ్య అతిథి నన్ను మెచ్చుకున్నారు. అంతా అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, ఏడవలేదు, అలగలేదు. "టీచర్, మల్లచ్చేసారి నాకిస్తరా?" అన్నది. ఇస్తానన్నాను. మరుసటి ఏడు మా బడిలో నాటికే వేయలేదు.

రుద్రమదేవి ఏ రంగులో ఉండేదో మనలో ఎవరికీ తెలియదు. క్రీస్తుశకం 1262 ప్రాంతంలో గణపతిదేవుడి తర్వాత ఓరుగల్లు గద్దెనెక్కింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణం గురించి చెప్తుంది. తీరానికి వచ్చిన మార్కోపోలో ఆమె పాలనను, న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడే గానీ మేని ఛాయ రాయలేదు. మన ఖిలా వరంగల్ శిథిలాల్లో సింహం మీద కూర్చొని చేత కత్తీ డాలూ పట్టిన స్త్రీమూర్తి శిల్పం ఉంది. 'రాయగజకేసరి' బిరుదున్న రుద్రమే ఆమె అని చరిత్రకారులు చెప్తారు. ఆ రాయి నల్లగానే ఉంటుంది. రాయి రంగును బట్టి రాణి రంగు చెప్పలేమనుకోండి.

అసలు ఆమె జీవితమే ఒక వేషధారణ. తండ్రి ఆమెను కొడుకు లెక్క పెంచాడు. శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని మగ పేరు కనబడుతుంది. ఆడదానికి రాజు వేషమా అని సామంతులు కత్తులు దూశారని కథలు చెప్తాయి. పాత్ర ఎవరికి చెందాలన్న పంచాయితీ ఓరుగల్లుకు కొత్తది కాదు.

2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' సినిమా తీశారు. మంగళూరు వైపు నుంచి వచ్చిన అనుష్క రాణి వేషం కట్టింది. ఆమె గుర్రమెక్కినా కత్తి పట్టినా నిండుగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. మన వరంగల్‌లో జనం విరగబడి చూశారు, నేనూ చూశాను. ఇంటికొచ్చి పడుకున్నాక ఒక ప్రశ్న తట్టింది. మత్స్యకన్య నల్లగా ఉందని అంత గొడవ అయింది గదా, దక్కన్ ఎండలో గుర్రం మీద తిరిగిన రాణి అంత తెల్లగా ఎట్లా ఉంటుందని ఇక్కడ ఒక్కరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే పాత్ర కంటే నటి తెల్లగా ఉంటే మనకు మార్పు జరిగినట్టే అనిపించదు. నల్లగా ఉంటేనే మార్పు కనబడుతుంది. తెలుపు నీళ్లలాంటిది, ఏ పాత్రలోనైనా ఇమిడిపోతుందని మన కంటికి అలవాటైంది. నలుపుకే సంజాయిషీ కావాలి. మత్స్యకన్య మీద అలిగినవాళ్లకు, రుద్రమ వేషం పంచిన పంతులమ్మకు, మధ్య ఉన్న చుట్టరికం అదే.

ఆ నాటిక నాడు మా బడి వేదిక మీద జరిగింది మన సినిమాలో రోజూ జరిగేదే. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఇక్కడ మీకు సరిత కథ చెప్పాలి. గుంటూరు జిల్లా మునిపల్లె పిల్ల. 1978లో కె. బాలచందర్ 'మరో చరిత్ర'లో ఆమెను కథానాయికను చేశారు. నల్లటి పిల్ల, పెద్ద కళ్లు. పక్కన కమల్ హాసన్. సినిమా కూడా నలుపు తెలుపే. మద్రాసులో, బెంగుళూరులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తమిళులు, కన్నడిగులు ఆ నల్లపిల్ల కోసం తెలుగు మాటలు విన్నారు.

1981లో అదే బాలచందర్ అదే కథను హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా రంగుల్లో తీశారు. కమల్ హాసన్ ఉన్నాడు. రెండో నాయిక మాధవి ఉంది. సరిత లేదు, ఆమె చోట రతి అగ్నిహోత్రి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే హిందీలో ఆ పిల్ల ఉత్తరాది పిల్ల కావాలి, కథకు అది అవసరం. అయినా సినిమాకు రంగులొచ్చిన నాడే నల్లటి పిల్ల తప్పుకోవడం నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుతుంది.

తర్వాత సరిత ఏం చేసిందో మీకు తెలుసు. తెలియకపోతే మీ చెవులకు తెలుసు. విజయశాంతి, సౌందర్య లాంటి ఎందరికో గొంతు ఇచ్చింది. డబ్బింగ్ కళాకారిణిగా నందులు అందుకుంది. ఒక తరం తెలుగు ప్రేక్షకులు తెర మీద ఆడదాని కోపాన్ని, రోషాన్ని, ఏడుపును సరిత గొంతులోనే విన్నారు. ఆ గొంతు అన్ని ముఖాలకూ అతికింది. ఆ ముఖానికి మాత్రం రాను రాను పాత్రలు తక్కువయ్యాయి. మా బడి తెర పక్కన నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది నాకు, ఎప్పుడూ.

ఈ మధ్య ఇంకో పద్ధతి వచ్చింది. కథకు నల్లటి మనిషి కావాలంటే తెల్లటి మనిషిని తెచ్చి నలుపు పూస్తున్నారు. 2021లో 'పుష్ప'లో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం మోసే కూలీకి, అతను ప్రేమించిన పిల్లకు అట్లాగే పూశారు. అల్లు అర్జున్ ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుడికి ఆ గౌరవం అదే మొదటిసారి. ఆ నటనను నేను తక్కువ చేయను, ఆ భుజం వంపు మా వీధిలో పిల్లలందరికీ అంటుకుంది. 2023లో 'దసరా'లో మన సింగరేణి బొగ్గు పల్లెకు నాని, కీర్తి సురేష్ అదే తీరున వచ్చారు. బొగ్గు దుమ్ము సరే, దుమ్ము కింద ఒళ్లు కూడా నల్లగా ఉన్న పిల్లలు గోదావరిఖనిలో, భూపాలపల్లిలో ఎంతమంది లేరు? తెల్లవాడు నలుపు పూసుకుంటే 'పాత్ర కోసం ఎంత కష్టపడ్డాడు' అంటాం. పూసుకోనక్కర లేనివాడికి ఆ కష్టం లేదు, ఆ మెప్పు లేదు, ఆ వేషమే లేదు.

సినిమా రాకముందు మన వైపు ఎట్లా ఉండేది? ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన సొంత సొమ్ము.

చేర్యాల మీకు తెలుసు. 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడి నకాషీలు గజాల పొడవు గుడ్డ మీద ఎర్రటి నేల వేసి, దాని మీద కథలు గీస్తారు. ఆ పటాల్లో ఒంటి రంగు పుట్టుకను బట్టి కాదు, పాత్రను బట్టి. సాధారణంగా దేవుడికి నీలం, దేవతకు పసుపు. పసుపు రంగు ఆడమనిషిని ఎవరూ ఎక్కడా చూసి ఉండరు, అయినా 'అసలు అట్లా ఉండదు' అని ఎవరూ తగువు పడలేదు. ఇంకో విశేషం, ఆ పటాలు ఎవరి కథ వాళ్లకు చూపేవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం విప్పేవాళ్లు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం చెప్పేవాళ్లు, అందులో సృష్టికి ముందే పుట్టినవాడు వాళ్ల తాత. గొల్లలకు మందెచ్చులవాళ్లు కాటమరాజును తెచ్చేవాళ్లు. రాత్రంతా దీపం వెలుగులో తన కులం తాతే నాయకుడైన కథను పిల్లవాడు కండ్లారా చూసేవాడు. ఇవాళ మనం ప్రాతినిధ్యం అని పెద్ద మాట వాడుతున్నాం గానీ, డక్కలి పటం ముందు కూర్చున్న పిల్లవాడికి ఆ మాటతో పని లేకపోయింది. అయితే ఒక లోటు, ఆ కథ ఆ వాడలోనే తిరిగేది. జాంబవంతుడి కథను ఊరి నడి బజారులో అందరూ కూర్చుని విన్నది తక్కువ.

చిందు భాగోతం ఇంకో అడుగు ముందుకేసింది. చిందు మాదిగలు ముఖానికి అర్దళం పూసుకొని, కిరీటం పెట్టుకొని, రాముడూ వాళ్లే, రావణుడూ వాళ్లే అయ్యేవాళ్లు. అర్దళం పసుపుపచ్చటి రంగు, దాని కింద నలుపూ లేదు, తెలుపూ లేదు. ఊరు ఊరంతా చేతులు జోడించి చూసేది. తెల్లారి రంగు కడిగాక ఆ రాముడు మళ్లీ వాడ చివరికి నడిచిపోయేవాడు, అది వేరే సంగతి, చిన్న సంగతి కాదు. మన జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్య గారు ఆ చిందు యక్షగానంలోనే జీవితం గడిపి 2024లో పద్మశ్రీ అందుకున్నారు.

కెమెరా వచ్చాక రంగు పాత్రది కాకుండా పోయింది, మనిషిదైంది. పురాణ సినిమాల్లో ఒక చిత్రం గమనించండి. రాముడు నీలమేఘశ్యాముడు, కృష్ణుడి పేరే నలుపు. 1963లో రంగుల్లో వచ్చిన 'లవకుశ'లో రామారావు గారి ఒంటికి నీలిఛాయ వేశారు. సరే, నలుపు నీలమైంది, ఏదో ఒక రంగు మిగిలింది. ద్రౌపది కూడా నల్లనిదే, కృష్ణ అని ఆమెకూ పేరు. 'నర్తనశాల'లో, 'పాండవ వనవాసం'లో సావిత్రి ద్రౌపదిగా ఎట్లా ఉందో గుర్తుచేసుకోండి. సావిత్రి నటనకు దండం పెడతాను, ఆమెను ఒక మాట అనేదాన్ని కాను. కానీ నల్లటి దేవుడికి నీలం పూసినవాళ్లకు నల్లటి రాణికి ఏదైనా పూయాలని తోచలేదు. మగవాడి నలుపు దైవమైంది. ఆడదాని నలుపు కథలోంచే జారిపోయింది. 'నలుపు నారాయణుడు మెచ్చు' అంటారు పెద్దలు. నారాయణుడు మెచ్చితే సరిపోతుందా, పెండ్లికొడుకు తల్లి మెచ్చొద్దూ!

మేడారం పోయినప్పుడు కూడా నాకు ఇదే కనబడుతుంది. గద్దెల మీద విగ్రహం లేదు. కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణె ఒకటి, వెదురు ఒకటి. అమ్మవారికి ముఖమే లేదు, ఏ కోయ పిల్లయినా తన ముఖం అక్కడ పెట్టుకోవచ్చు. గద్దెల నుంచి బయటికి వచ్చి బజారులో పటాలు చూడండి. సమ్మక్క, సారలమ్మ ఎర్రటి బుగ్గలతో, పెద్ద కిరీటాలతో, పట్టుచీరలతో ఉంటారు. అడవి తల్లులకు కూడా మనం రంగు తక్కువ కాకుండా చూసుకున్నాం.

ఇప్పుడా ఎండ్రకాయ. మన సినిమాల్లో తెలంగాణ యాస చాలా కాలం ఆ ఎండ్రకాయకే దక్కింది. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్య పాత్రను కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో వణుకు పుట్టేలా చేశారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. ఆ గొప్పతనం ఆయనది. తర్వాత వచ్చినవాళ్లు చేసిన నష్టం మనది. దుర్మార్గుడికి ఆ యాస, నవ్వించే పనివాడికి ఆ యాస, హీరోకు మాత్రం బెజవాడ తెలుగు. మా బడిలో పిల్లలు వేదికెక్కితే చాలు, ఇంట్లో మాట్లాడే మాట దాచేసి సినిమా తెలుగు మాట్లాడేవాళ్లు. నేను దిద్దేదాన్ని, యాసనే తప్పని. ఇంకో తప్పు అది, లెక్కలో వేసుకోండి. ఈ మైకు ముందు కూర్చుంటే నా రంగు మీకు కనబడదు గానీ, ఇప్పటికీ నా ఇంటి మాట సగమే బయటికొస్తున్నది. గమనించే ఉంటారు.

2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' తీస్తే బాన్సువాడ పిల్ల భానుమతి మన యాసలో హీరోను నిలదీసింది. ఆ వేషం కట్టిన సాయిపల్లవి నీలగిరి కొండల్లో పుట్టి కోయంబత్తూరులో పెరిగిన అమ్మాయి. ముఖం మీద మొటిమలు దాచకుండా, తన గొంతుతోనే మాట్లాడింది. మన పిల్ల కాదని ఇక్కడ ఎవరన్నా అన్నారా? తర్వాత రోజుల్లో ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన కోసం పెద్ద మొత్తం ఇస్తామన్నా ఆమె వద్దన్నదని పత్రికలు రాశాయి. అట్లాంటి క్రీముల్లో పేరుమోసినది 1975లో పుట్టి, 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసుకుంది. కిరాణా కొట్లో మా వీధి పిల్లలు ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు.

కాబట్టి రుద్రమ వేషం ఓరుగల్లులో పుట్టినవాళ్లకే ఇవ్వాలని నేను అనడం లేదు. పుట్టుక సర్టిఫికెట్ చూసి వేషాలిస్తే చిందు సమ్మయ్య గారికి పురాణంలో ఒక్క పాత్రా దొరకదు. మన వరంగల్ పిల్ల ఆనంది తమిళానికి పోయి, 2018లో మారి సెల్వరాజ్ తీసిన 'పరియేరుమ్ పెరుమాళ్'లో తిరునెల్వేలి పిల్లగా నటించింది, తమిళులు తమ పిల్లనే అనుకున్నారు. దారి రెండు వైపులా తెరిచి ఉంటే సంతోషమే. నేను అడుగుతున్నది ఆ దారి మొదట్లో నిలబడి 'నువ్వు పో, నువ్వు ఆగు' అనేవాళ్ల కంటి గురించి. నేనూ అక్కడ నిలబడ్డదాన్నే గనుక.

2023 మార్చిలో వేణు ఎల్దండి 'బలగం' వచ్చింది. ఊళ్లలో రాత్రిపూట తెల్లటి తెర కట్టి ప్రొజెక్టర్ మీద వేశారు. మా చెల్లెలి ఊళ్లో నేనట్లాగే చూశాను, నేల మీద చాప వేసుకొని. సినిమా చివర కొమురయ్య పదకొండో దినం నాడు ఇద్దరు వచ్చి పాట పాడతారు. మన వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ. ఇంటింటికీ తిరిగి చావు కాడ, పండుగ కాడ శారద కథ పాడే ఆలుమగలు. వాళ్లు ఏ వేషమూ కట్టలేదు, వాళ్ల పనే చేశారు. మొగిలయ్య ఆ మరుసటేడు డిసెంబరులో పోయాడు.

పాట మొదలయ్యేసరికి చాపల మీద ఏడుపులు. నా పక్కన ఒక ముసలవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నది. కొమురమ్మ ముఖం తెర నిండా వచ్చింది, ఎండకు కమిలిన ముఖం, ముడతలు, కుంకుమ బొట్టు. అవ్వ ఏడుపు ఆపి ముందుకు వంగి చూసింది.

"బిడ్డా, గీమెకు రంగెయ్యలేదా?"

"లేదవ్వా."

"ఉత్త ముఖమే?"

"ఉత్త ముఖమే."

అవ్వ ఇంకాసేపు చూసింది. తన చెంప మీద చెయ్యి పెట్టుకొని, "ఎంత మంచిగున్నదే" అన్నది.